మొగులమ్మ పట్టుకున్న రెక్క

తాండూరు నుంచి వికారాబాద్ వెళ్లే పొద్దుటి రైల్లో కిటికీ పక్కన కూర్చుంటే, నాపరాళ్ల కుప్పల వెనక నుంచి తెల్లటి విమానం ఒకటి చప్పుడు లేకుండా పైకి లేవడం కనిపిస్తుంది. దాన్ని లేపేది నేనే. గ్లైడర్ అంటారు దాన్ని, ఇంజను ఉండదు. మైదానం ఆ కొసన విమానం, ఈ కొసన వించ్ మీద నేను. వించ్ అంటే పెద్ద వింత కాదు. పాత లారీ ఇంజనుకు ఇంత లావు చక్రం బిగించి, దానికి ఉక్కు తాడు చుట్టారు. తాడు రెండో కొస విమానం కింద కొక్కేనికి ఉంటుంది. నేను పెడల్ తొక్కితే తాడు చుట్టుకుంటుంది, విమానం నా మీదికి పరుగెత్తుకొస్తూ పతంగిలా లేస్తుంది. పైకి చేరాక పైలట్ తాడు వదిలేస్తాడు. ఆ తర్వాత వాడూ, వాడి గాలీ.

పాలిటెక్నిక్ మధ్యలో చదువుకు దండం పెట్టి బయటికొచ్చినవాణ్ని. అయితేనేం, ఈ పెడల్‌తోనే ఒకసారి అనంతగిరి గుట్టను తాడుకు కట్టి, రెండడుగులు లేపి, కింద ఊడ్చి, మళ్లీ ఉన్నచోటే దించాను. మా మైదానంలో ఈ సంగతి నమ్మేవాళ్లు ఉన్నారు. నమ్మనిది ఒక్క మొగులమ్మే.

"గుట్టను లేపినవ్ సరే బాలిగా, గాడ మూసీ పుట్టేకాడ నీళ్లు ఒలుకలేదా?" అని అడిగింది.

"ఒలుకలే చిన్నమ్మా. మూత పెట్టి లేపిన."

"నీ నోటికి పెట్టాల్సిన మూత గాడ పెట్టొచ్చినవా?"

అందరూ పడీపడీ నవ్వారు. నా పేరు బాలస్వామి. ఆమె నోట్లో మాత్రం ఎప్పుడూ బాలిగానే. నేను చెప్పబోయేది ఈ మొగులమ్మ సంగతి. ఇందులో గుట్టలేవీ లేవవు. పెంచి చెప్పాల్సిన అవసరం రాలేదు. తగ్గించి చెబుదామంటేనే కుదరడం లేదు.

మొగులమ్మది పూడూరు దగ్గర ఒక పల్లె, గొర్లకాపరుల ఇల్లు. పుట్టగానే ఏడవడానికి బదులు ఈల వేసిందని నేనే ఊరంతా చాటాను. మా వైపు బీరప్పకు ఇచ్చి పెళ్లి చేశారు. కోతలైపోయి ఇక్కడ మేత తగ్గగానే బీరప్ప మందను తోలుకుని కర్ణాటక వైపు పోతాడు. నెలల తరబడి రాడు. ఇంటి దగ్గర మిగిలిన ఈనిన గొర్లనూ పిల్లలనూ మొగులమ్మ చూసుకుంటుంది. వాటిని మేపేది ఈ మైదానంలోనే. అప్పట్లో అది ఎవరికీ పట్టని బీడు.

గ్లైడర్ల క్లబ్బు వచ్చి ఆ బీడును కౌలుకు తీసుకున్న రోజున మొగులమ్మ చేతికర్రతో వచ్చి, కుర్చీలో కూర్చున్న విజయ్‌కుమార్ సారు ముందు నిలబడింది. ఆయన మా శిక్షకుడు. జుట్టు నెరిసింది గాని ఇప్పటికీ విమానం కనిపిస్తే చిన్నపిల్లాడి కళ్లు వస్తాయి.

"మీరు ఎగురుతరు మంచిదే సారూ. నా గొర్లకు రెక్కల్లేవు. అవి యాడ మెయ్యాలె?"

సారు కాసేపు గడ్డి వైపు చూశాడు. "ఇక్కడే మెయ్యాలె. సాయంత్రం మేం బంద్ చేసినంక తోలుకరా. గడ్డి పొట్టిగుంటే మాకే మంచిది," అన్నాడు.

అట్లా గొర్లతో పాటు ఆమె కూడా మైదానానికి వచ్చింది. గ్లైడర్‌కు పొట్ట కింద ఒకటే చక్రం. నిలబెట్టినప్పుడు ఒక రెక్క నేలకు ఆని ఉంటుంది. లేపే ముందు ఎవరో ఒకరు ఆ రెక్క కొసను ఎత్తి సమంగా పట్టుకోవాలి, విమానం కదిలాక దానితో పాటు నాలుగడుగులు పరుగెత్తి వదిలేయాలి. రెక్క పట్టే కుర్రాడు ఒకరోజు రాలేదు. మొగులమ్మ ముందుకొచ్చి పట్టుకుంది. హైదరాబాద్ పిల్లలు దాన్ని బస్సులో కడ్డీని పట్టుకున్నట్టు బిగించి పట్టుకునేవారు, విమానం పక్కకు లాగేసేది. ఈమె అరచెయ్యి తెరిచి, దాని మీద రెక్కను ఊరికే ఆనించింది. ఆ రోజు నుంచి ఆ పని ఆమెదే అయింది.

రెక్క ఎత్తే మనిషికి ఇంకో పని కూడా ఉంది. ఎత్తే ముందు విమానాన్ని ఒకసారి తేరిపార చూడాలి. పైలట్ మీది అద్దం మూత బిగిసిందా, తోక దగ్గర ఎవరైనా ఉన్నారా, రెక్కల మీది బ్రేకు పలకలు లోపలే ఉన్నాయా. ఈ పలకలంటే రెక్క మీద నిటారుగా లేచే రెండు రేకులు. దిగేటప్పుడు అవి పైకి లేచి విమానాన్ని కిందికి దించుతాయి. ఎక్కేటప్పుడు మాత్రం లోపల తాళం పడి ఉండాలి. సారు మొదటి రోజునే అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు: "ఈ మైదానంల ఒక్క మాట అందరిది. 'ఆపు.' ఛాయ్ అమ్మేటోడు అన్నా ఆపాలె, గొర్లోళ్లు అన్నా ఆపాలె. ఎందుకన్నవని ఎవరూ తిట్టరు."

ఆ మాటను మొగులమ్మ అన్నట్టు ఇంకెవరూ అనలేదు. ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి అద్దం మూత గడియ వేసుకోకుండానే సిద్ధమని బొటనవేలు చూపించాడు. ఆమె "ఆపు!" అని అరిస్తే నేను ఇంజను ఆపాను, అవతల క్వారీలో రాయి కోసే మిషను కూడా ఆగింది. ఇది మాత్రం నిజం, కావాలంటే ఆ మిషను వాణ్ని అడగండి. ఇంకో ఆయన కాళ్ల దగ్గర నీళ్ల సీసా దొర్లుతుంటే చూసి ఆపింది. "నాయినా, గా సీసా పోయి పెడల్ కింద ఇరికితే నువ్వు యాడ దిగుతవో తెల్సా? సక్కగ మీ అమ్మ ఒళ్లెకు," అంది. ఆయన సిగ్గుపడి సీసా ఇచ్చేశాడు.

ఆమె కూతురు అమూల్య. వికారాబాద్‌లో డిగ్రీ చివరి సంవత్సరం, పొద్దున రైలుకు పోయి మధ్యాహ్నం తిరిగొస్తుంది. చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలకు క్లబ్బు ఉచితంగా నేర్పిస్తుందంటే ముందు చేరింది ఆ పిల్లే. మొగులమ్మ చాలా రోజులు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక మాత్రం ఎక్కడికి పోయినా అదే మాట. "మా అమూల్య మీద ఉంటే గద్దలు పక్కకు జరిగి తొవ్వ ఇస్తయి," అనేది. అబద్ధాలు నా దగ్గరే నేర్చుకుందని నేను గర్వపడ్డాను.

సారు ఆ పిల్లకు ముందు సీట్లో కూర్చోబెట్టి చెప్పినవే చెప్పేవాడు. "తాడు తెగితే సోచాయించకు. ముందు ముక్కు దించు. స్పీడు ఉంటేనే ఇది విమానం, లేకుంటే ఉత్త డబ్బా." ఇంకోటి. "కిందికొచ్చినంక తిప్పాలనిపిస్తది. మైదానం పక్కనే కనబడ్తది, అందరం కనబడ్తం. తిప్పకు. ఎదురుంగ చేనుంటే చేన్ల దిగు. చేను పోతే మళ్ల పండుతది." ఇంకోటి కూడా ఉంది, అందరూ మర్చిపోయేది అదే. "చెకింగ్ చేసేటప్పుడు మధ్యల ఎవరన్న పిలిస్తే, ఏదన్న ఆగితే, ఆడికెళ్లి మొదలుపెట్టకు. మళ్ల మొదటికెళ్లి చెయ్యి."

ఇక మొగులమ్మ ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదని చాలా ఇళ్లలో అంటారు. ఆ కాపరుల ఇళ్లలో అది ఉత్త మాట కాదు. మంద బయల్దేరుతుంటే ఇంటి ఆడమనిషి నోరు విప్పదు. మంద కనుమరుగయ్యేదాకా అట్లాగే నిలబడుతుంది. పెళ్లైన కొత్తలో బీరప్ప గొంగడి మర్చిపోయి పోతుంటే, మొగులమ్మ పరుగెత్తి వెనక నుంచి కేకేసి ఇచ్చింది. ఆ ఏడు కర్ణాటకలో రోగమొచ్చి మందలో సగం పోయింది. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. ఎవరూ అనకపోవడమే ఆమెకు పెద్ద శిక్ష. అప్పటి నుంచి ఇంట్లోవాళ్లు ఎవరు బయల్దేరినా ఆ నోరు కుట్టేసినట్టు ఉంటుంది.

బయటివాళ్ల విషయంలో ఈ పట్టింపు లేదు. అందుకే మాకెవరికీ తట్టలేదు.

అమూల్య ఒంటరిగా ఎగరాల్సిన రోజు వచ్చింది. చలికాలం. చేలల్లో కంది కాయ పట్టి నిలబడి ఉంది. మామూలుగా వెనక సీట్లో సారు ఉంటాడు. ఆ రోజు వెనక సీటు ఖాళీ. మొగులమ్మ పొద్దున్నే కూతురు నుదుట బొట్టు పెట్టిందట, అప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదట. నేను మైదానం అవతలి కొసన వించ్ మీద ఉన్నాను. అక్కడ జరిగినవి తర్వాత వాళ్లంతా చెప్పగా తెలుసుకున్నవి.

"ఏమన్న మాట్లాడవే అమ్మా," అంది అమూల్య సీట్లో కూర్చుని బెల్టులు బిగించుకుంటూ.

మొగులమ్మ పో అన్నట్టు చెయ్యి ఊపింది.

"చూడుర్రి సార్. రోజూ ఊరంతా ఇనబడేటట్టు ఒర్లుతది, ఇయ్యాల మూగదాని లెక్క నిలబడ్డది."

"మీ అమ్మకు కూడా భయమైతదని ఇయ్యాలే తెల్సింది," అన్నాడు సారు నవ్వుతూ. అమూల్య చెకింగ్ గట్టిగా చదువుకుంటూ చేసింది. అద్దం మూత వేసింది. నీలం పిడి ముందుకు తోసి టక్కుమని తాళం వేసింది. ఆ నీలం పిడే బ్రేకు పలకలది, పైలట్ ఎడమ చేతి దగ్గర ఉంటుంది. అన్నీ సరిగ్గా చేసింది.

అప్పుడొచ్చాడు క్వారీ మనిషి ఒకడు సైకిల్ తోసుకుంటూ, సరిగ్గా మైదానం నడుమ నుంచి అడ్డంగా. రోజూ అదే దారి వాడికి. సారు "ఆగు పెద్దమనిషీ, ఆగు!" అని అరుచుకుంటూ అటు పోయాడు. వాడికి చెవుడో, మొండితనమో, ఆగడు. ఎండ అద్దం మీద పడి లోపల అమూల్యకు ఉడికిపోతోంది. మూత ఎత్తింది. గాలి కూడా కొంచెం ఎక్కువైంది. నిలబడి ఉన్న విమానాన్ని గాలి ఎత్తకుండా బ్రేకు పలకలు తెరిచి పెడతారు, అది నేర్పిందే, అట్లాగే తెరిచింది. సైకిల్ మనిషి దాటిపోయాడు. సారు దూరం నుంచే చెయ్యెత్తి సిద్ధమా అని సైగ చేశాడు. అందరికీ తొందరే. అమూల్య మూత వేసింది, గడియ బిగించింది. నీలం పిడి ముందుకు తోసింది. పలకలు లోపలికి పోయాయి. తాళం పడలేదు. టక్కుమనే చప్పుడు కోసం ఆమె వినలేదు. మొదటి నుంచి మళ్లీ చెయ్యలేదు. బొటనవేలు ఎత్తి చూపించింది.

మొగులమ్మ రెక్క ఎత్తింది. అవతలి కొసన నాకు లాగమని సైగ చేసే లైటు వెలిగింది, తాడు బిగిసేదాకా మెల్లగా చుట్టాను. ఆ బిగింపుకు విమానం ఒక్కసారి వణికింది. అప్పుడే ఆమెకు కనిపించింది. రెక్క మీద బ్రేకు పలక వేలెడంత లేచి ఉంది, సరిగ్గా మూతపడని పెట్టెలాగా.

ఆపు అన్న మాట గొంతు దాకా వచ్చిందట. అదే ఇంకొకరి బిడ్డ అయితే అక్కడితో కథ అయిపోయేది. ముందు కూర్చుని ఉన్నది అమూల్య. బయల్దేరింది. మొదటిసారి ఒక్కతే బయల్దేరింది. వెనక నుంచి కేకేసేది తల్లి. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. రెక్క కదిలింది, కాళ్లు అలవాటుగా పరుగెత్తాయి. తర్వాత చూసుకుంటే అరచెయ్యి ఖాళీగా ఉంది.

విమానం నేల వదిలింది. గాలి జోరుకు పలకలు రెండూ పూర్తిగా లేచి నిలబడ్డాయి.

నేను ముందు ఇంజనుతో గ్రహించాను, తర్వాతే కళ్లతో చూశాను. ఎప్పుడూ చకచకా ఎక్కే విమానం బురదలో ఎద్దులాగా ఈడ్చుకుంటూ ఎక్కుతోంది. రెక్కల మీద ఆ రెండు పలకలు నిటారుగా కనిపించాయి. కాలు తియ్యాలనిపించింది. తీస్తే ఆ పిల్ల ఆ ఎత్తులోనే, ఆ బ్రేకులతోనే, నా ముందే పడుతుంది. సారు ఎన్నోసార్లు చెప్పాడు: "పలకలు లేచినా ఎక్కుతుంటే ఆపకు బాలస్వామీ. ఎత్తు ఇయ్యి. ఎత్తే ఆమెకు టైము." నా నోటి వెంట నా జన్మలో రాని ప్రార్థనలు వస్తున్నాయి. కాలు మాత్రం తియ్యలేదు. తాడు వదిలేసరికి ఆమె ఎప్పుడూ చేరే ఎత్తులో సగమే చేరింది.

తాడు వదిలాక మాట్లాడాలని సారు రేడియో పట్టుకుని కాచుకుని ఉన్నాడు. "అమూల్యా, ఎడమ చెయ్యి..." అన్నాడు. అదే క్షణంలో ఆమె గొంతు వచ్చింది.

"సార్, కిందికి పోతున్న. సార్, ఏమైతుందో తెలుస్తలేదు."

ఆ తర్వాత రేడియో ఆగలేదు. ఆమె ఊపిరి, గాలి చప్పుడు, మళ్లీ ఊపిరి. మాట్లాడే బటను విమానం నడిపే కర్రకే ఉంటుంది. భయంతో ఆ కర్రను పిడికిలి బిగించి పట్టుకుంది, బటను దాని కింద నొక్కుకుపోయింది. అది నొక్కి ఉన్నంతసేపు ఆమె మాటలు మాకు వినిపిస్తాయి. మా మాటలు ఆమెకు వినిపించవు. మైదానం మొత్తం ఆ పిల్ల భయాన్ని వింటోంది, జవాబు చెప్పే దారి ఒక్కరికీ లేదు.

మొగులమ్మ వచ్చి సారు చేతిలోంచి రేడియో లాక్కుంది. "బిడ్డా! బ్రేకులే! నీలం పిడి! నీలం పిడే బిడ్డా!"

"ఆమెకు వినబడదమ్మా," అన్నాడు సారు.

"ఎందుకు వినబడదు? గింత గట్టిగ అంటున్న!"

"ఆమె వదిలితేనే వినబడ్తది."

"ఎప్పుడు వదుల్తది సారూ?"

సారు తలెత్తి విమానాన్నే చూస్తున్నాడు.

"స్పీడు ఉంది సార్," అంటోంది రేడియోలో అమూల్య. "ముక్కు దించే ఉంచిన. దించితే ఇంకింత పోతున్న. సార్, మీరు ఇంటున్నరా? ఎవరన్న మాట్లాడుర్రి." కొంచెం ఆగి, చిన్నగా, "అమ్మా," అంది.

రేడియో నేల మీద పడేసి మొగులమ్మ పరుగెత్తడం మొదలుపెట్టింది. పైన ఉన్న విమానం కింద, దాని నీడతో పాటు, అరుస్తూ. గొంతులో ఇరుక్కుపోయిన మాట ఇప్పుడు తెగిన నాపరాయి బండలా ఒక్కసారిగా బయటికొచ్చింది. "ఆపు! ఆపు!" గాల్లో ఉన్నదాన్ని ఎవరు ఆపుతారు? క్వారీలో మిషను ఆగింది. పనివాళ్లు తలలెత్తి చూస్తున్నారు.

నేను బండి ఎక్కి మైదానం మీదుగా సారు వాళ్లున్న కొసకు పోతున్నాను. నా జేబులో రేడియో, అందులో ఆ ఊపిరి.

నేర్చుకున్న పిల్ల కదా, నేర్చుకున్న దారే పట్టింది. మైదానం పక్కగా వెనక్కి పోవడం, చివర్లో చుట్టు తిరిగి గాలికి ఎదురుగా దిగడం. ఎత్తు ఉన్నప్పుడు ఆ దారి మంచిదే. ఎత్తు లేనప్పుడు దాన్ని కురచ చేసుకోవాలి. భయంలో మనిషి దగ్గరి దారి చూడడు, తెలిసిన దారే చూస్తాడు. నేను సారు దగ్గరికి చేరాను. మేమున్నచోటు దాటేసరికి ఆమె ఎంత కిందికి వచ్చేసిందంటే, విమానం పొట్ట మీది మట్టి మరకలు కనిపిస్తున్నాయి. మా వెనక ఉన్నది క్వారీ గుంత. పాతది, రాయి తీసి వదిలేశారు, అడుగున పచ్చటి నీళ్లు, చుట్టూ నిట్టనిలువు రాతి గోడలు. ఆ గుంత మీదే ఆమె మొదటి మలుపు తిరిగింది.

ఆ మలుపు దాటాక ఎడమ చెయ్యి నీలం పిడి మీద పెట్టాలి. దిగడానికి బ్రేకులు సిద్ధం చేసుకోవాలి. ప్రతిసారీ చేసిందే. చెయ్యి పెట్టింది.

"బ్రేకులు..." అంది. కాసేపు ఊపిరి కూడా వినిపించలేదు. "అయ్యో. ఇవి ముందే..."

పలకలు రెండూ దబ్బున రెక్కల్లోకి పోయాయి.

విమానం కిందికి జారడం ఆగింది. సన్నగా, నీళ్ల మీద ఆకులాగా నిలబడింది. కాని కింద నీళ్లే. ఎడమ పక్కన మైదానం, చెయ్యి చాపితే అందేటట్టు ఉంది, మేమందరం కనిపిస్తూనే ఉన్నాం, వాళ్లమ్మ కనిపిస్తోంది. ఎదురుగా గుంత అవతలి గట్టు, ఆ తర్వాత కంది చేను. ఆ ఎత్తులో రెక్క వంచి మైదానం వైపు తిప్పితే ఏమవుతుందో మాకందరికీ తెలుసు. వంచిన రెక్క ముందు పడుతుంది, దాని వెనక మిగతాది పడుతుంది.

సారు చేతిలో ఏమీ లేదు. ఉత్త గాలితో మాట్లాడుతున్నాడు. "తిప్పకు. తిప్పకు తల్లీ."

"తిప్పను," అంది రేడియో. "తిప్పను, తిప్పను." ఆయన మాట ఆమెకు వినపడలేదు. తనకు తానే చెప్పుకుంటోంది.

మొగులమ్మకు అదేమీ తెలియదు. "ఇటు రా బిడ్డా! ఇటు రా!" అని రెండు చేతులూ ఎత్తి పిలుస్తోంది. ఆ పిలుపు విని ఉంటే, ఆ చేతులు చూసి ఉంటే, తల్లి దగ్గరికి తిరగాలని ఏ పిల్లకు అనిపించదు? అమూల్య కళ్లు ఎదురుగా ఉన్న గట్టు మీదే ఉన్నాయి.

చక్రం గట్టు పైరాయిని తాకి ఎగిరింది. అవతల కంది చేనులో పడింది. పొడుగాటి కందిమొక్కలు ఒక రెక్కను పట్టి లాగాయి, విమానం గిర్రున తిరిగి చేను గట్టున పాతిన నాపరాతి కడీలకు పక్కగా కొట్టుకుంది. ఆ చప్పుడు చెప్పడానికి నాకు మాట దొరకలేదు, ఇప్పటికీ దొరకదు. రేడియోలో గాలి చప్పుడు ఆగిపోయింది. దుమ్ము లేచి మళ్లీ అణిగేదాకా ఒక్కరూ కదల్లేదు, ఒక్క మొగులమ్మ తప్ప.

గుంత అంచు చుట్టూ తిరిగి ఆమె ఎట్లా పోయిందో నేను చూశాను. అక్కడ మేకలు కూడా ఆచితూచి నడుస్తాయి. నేను బండి పడేసి పరుగెత్తాను. నేను చేరేసరికి ఆమె పగిలిన అద్దం మూతను చేతులతో పీకుతోంది, వేళ్లు తెగి నెత్తురు కారుతున్నా తెలియడం లేదు. లోపల అమూల్య కళ్లు తెరిచి ఉంది. నుదుటి మీది బొట్టు నెత్తురులో కలిసిపోయింది. ముందు భాగం నలిగి కుడికాలిని నొక్కేసింది.

"లాగకుర్రి!" అని వెనక నుంచి సారు అరిచాడు. "ఎన్నుపూసకు ఏమైందో తెల్వది. కదిలియ్యకుర్రి. అంబులెన్స్ వస్తుంది."

నేను కాలి మీది పగిలిన ముక్కను మెల్లగా విరిచి తీశాను. ఇంకేమీ చేయలేకపోయాం. కంది మొక్కల మధ్య మోకాళ్ల మీద కూర్చుని మొగులమ్మ కూతురు తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకుంది.

"చూసిన బిడ్డా," అంది. "రెక్క ఎత్తినప్పుడే చూసిన. పలక లేచి ఉండె."

అమూల్య కళ్లు తిప్పి చూసింది. "చూసినవా?"

"చూసిన."

"మరి?"

"పోయేటప్పుడు ఎనుకకెళ్లి ఎట్ల పిలుద్దు? మీ నాయినను గట్ల పిలిచినందుకే..." మాట పూర్తి చెయ్యలేదు.

అమూల్య నొప్పికి పెదవి కొరుక్కుంది. తర్వాత అంది, "ఊరోళ్ల పిల్లలందరినీ ఆపుతవ్. నన్ను మాత్రం ఆపకపోతివి."

ఆ మాట తల్లికి ఎక్కడ తగిలిందో నేను చూశాను. మొహం తిప్పుకున్నాను. నా దగ్గర ఎప్పుడూ ఏదో ఒక కోత ఉంటుంది, ఎవరు ఏడ్చినా నవ్వించడానికి. ఆ చేనులో అదీ పనికి రాలేదు.

సారు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "నేను జాగ విడిచి పోయిన. దూరంకెళ్లి సైగ చేసిన. నా తప్పు ముందు," అన్నాడు. తప్పులు పంచుకోవడానికి అది చోటు కాదు. ఆ పిల్ల పెదవులు తెల్లబడుతున్నాయి.

అంబులెన్స్ వచ్చింది. గట్టి చెక్క మీద కట్టి ఎక్కించారు. తల్లి లోపల కూర్చుంది, నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. లోపల ఉన్నది రెబెక్క అనే నర్సమ్మ. టార్చి వేసి అమూల్య కళ్లు చూసి, "తలకు దెబ్బ తగిలింది. నిద్ర పోనియ్యకు అమ్మా. మాట్లాడిస్తుండు. ఏదైనా మాట్లాడు. కళ్లు మూస్తే నాకు చెప్పు," అంది.

తాండూరు దారిలో రైల్వే గేటు పడి ఉంది. ఎదురుగా సిమెంటు వ్యాగన్ల గూడ్సు బండి. పోతోంది, పోతోంది, కొస కనిపించడం లేదు. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి ఊరుకున్నాడు. గేటు తియ్యమని ఎవరిని అడగాలి? వెనక నుంచి రెబెక్క గొంతు వినిపించింది. "అమ్మా, ఆమె కళ్లు మూస్తుంది. మాట్లాడు!"

మొగులమ్మ కూతురి మొహం మీదికి వంగింది. తర్వాత మొదలుపెట్టింది. ఏం మాట్లాడాలో తెలియక గొర్ల గురించి మాట్లాడింది. నల్లమచ్చ గొర్రె రెండు పిల్లలేసిందని, ఒకదానికి తను అమూల్య పేరే పెట్టానని, అది గూడా చెప్పిన మాట ఇనదని. నాయిన ఫోన్ చేసినప్పుడు ఏం చెప్పాలె, నువ్వే చెప్పు, నేను చెప్తే మందను ఇడిచిపెట్టి పరుగెత్తుకొస్తడు. వికారాబాద్ రైల్లో నీ పక్కకు కూసునే గా బిందు ఎవరు, గా పిల్లకు నిన్న నా చెప్పులు ఎందుకిచ్చినవ్? కళ్లు తెరువు. ఇటు చూడు. గట్ల కాదు, నా మొకం చూడు. అమూల్యా. ఓ అమూల్యా. పండుకుంటే తంతా, చెప్తున్న. చిన్నప్పుడు బడికి పొమ్మంటే గొర్ల దొడ్ల దాసుకుంటివి, గప్పుడు కర్ర తీస్కుంటే ఉరికితివి, ఇప్పుడు గూడ ఉరుకు, లే...

గొంతు బొంగురుపోయింది. అయినా ఆపలేదు. వ్యాగన్ల చప్పుడును మించి అరుస్తోంది. పక్కనున్న ఆటోల వాళ్లు తొంగి చూశారు. గూడ్సు కొస దాటింది, గేటు లేచింది, బండి కదిలింది. ఆమె ఇంకా మాట్లాడుతూనే ఉంది. ఏం మాట్లాడుతోందో ఆమెకే తెలియదు, మాటలు కూడా కాదు, పేరే, పేరు మీద పేరు.

ఆసుపత్రి మలుపు దగ్గర లోపల నుంచి ఇంకో గొంతు వినిపించింది. సన్నగా, విసుగ్గా, కళ్లు తెరిచే ఉన్న మనిషి గొంతు.

"జర మెల్లగనే అమ్మా. చెవులు పోతున్నయి."